పడుకోలేని పిల్ల

"సబ్బు రుద్దినా దిగల్యా జయరామా!"

గడప దాటుతుండగానే తల్లి మాట ఎదురొచ్చింది. జయరామప్ప గొడుగు మూలన పెట్టబోయి చేతిలోనే ఉంచుకున్నాడు.

నట్టింట్లో మగ్గం పక్కన, నాగమ్మ మనవరాలు మునిలక్ష్మి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మోచేతి దాకా సబ్బు నురగ. ఆ నురగలో పచ్చగాజులు మణికట్టును కరిచిపట్టుకుని ఉన్నాయి. పిల్ల వేలూరు ఆస్పత్రి నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిందని పోయిన శుక్రవారం తొడిగించిన మొక్కు గాజులవి. ఆ రోజు వదులుగా ఉన్నాయని గాజులాయన వాటి మధ్య వేలు దూర్చి మరీ చూపించాడు.

"దిగకుంటే ఏమి పోయె? పిల్ల ఒళ్ళు చేసిండాది," అన్నాడు మగ్గం గుంటలో కూర్చున్న చెన్నరాయప్ప. జయరామప్పకు అన్న. ఇంటికి పెద్ద. "పుట్టినప్పట్నుంచి పుల్ల మాదిరి ఉండె. ఇప్పుడు చూడు, చెంపలు బేకరీ బన్ను మాదిరి ఉండాయి. దిష్టి తీసి పారెయ్యండి, సాలు."

ఆ ఇంట్లో వారం రోజులుగా ఇదే సంబరం. కబ్బన్‌పేట సందులో ఎవరొచ్చినా మునిలక్ష్మి చెంపలు పట్టుకుని చూసి, మెటికలు విరిచి పోయేవారు. జయరామప్ప కూడా సంతోషించాడు. కాని నిన్న రాత్రి పిల్ల పక్కన కూర్చున్నప్పటి నుంచి ఆ సంతోషంలో ఏదో ముల్లు గుచ్చుకుంటోంది. అందుకే ఆఫీసులో సగం పూట సెలవు పెట్టి వచ్చేశాడు.

పిల్ల నవ్వడం లేదు. చుట్టిన పరుపును కావలించుకుని, ముందుకు వంగి, గడ్డం దాని మీద ఆనించి కూర్చుంది. ఆ ఎనిమిదేళ్ళ వీపు ముసలివాళ్ళ వీపులా వంగి ఉంది.

"యాలమ్మా ఇట్ల కూర్చున్యావు? పడుకోరాదా?"

"పడుకుంటే నొస్తాది నాయనా. ఇట్ల వంగితే రవ్వంత తగ్గుతాది."

"ఎప్పట్నుంచి?"

పిల్ల అవ్వ ముఖం చూసింది. అవ్వ సబ్బు నీళ్ళ చెంబు ముఖం చూసింది.

జయరామప్ప పిల్ల నుదుటి మీద చెయ్యి వేశాడు. కాలుతోంది.

"కషాయం ఇచ్చినాను," అంది నాగమ్మ. "నీకు చెప్తే మళ్ళా ఆస్పత్రి అంటావని చెప్పల్యా. ఎండకి వచ్చిన జ్వరం అనుకుంటి."

అతను కింద కూర్చుని పిల్ల కాలు తన తొడ మీదకు తీసుకున్నాడు. ముంగాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి, తీశాడు. మెత్తని పిండిలో పడినట్టు వేలి గుంట అలాగే నిలిచిపోయింది.

వేలూరు నుంచి బయలుదేరిన రోజు అక్కడి డాక్టరు తన కాలి మీదే నొక్కి చూపించి నేర్పాడు. 'ఇలా గుంట పడి, నిలిచిపోతే, ఇంట్లో ఎవరి మాటా వినకండి. బయలుదేరండి.'

"ఇది ఒళ్ళు కాదన్నా," అన్నాడు జయరామప్ప. "నీరు."

మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"ఇప్పుడే ఆస్పత్రికి పోవల్ల."

"ఆదివారం దేవర మొక్కు పెట్టుకున్యాం కదప్పా!" చెన్నరాయప్ప గుంటలోంచి పైకి లేచాడు. "మునేశ్వరుడి గుడి కాడ వంటలకి చెప్పేసినాను. పేటంతా పిలిచినాను. పిల్లని తీసుకుపోయి మళ్ళా ఆస్పత్రిలో పండబెడితే, వచ్చినోళ్ళకి ఏమని చెప్పేది?"

"పండబెట్టేకి అది పండుకోలేకుండా ఉందే అన్నా!"

"ఆ పొద్దే చెప్తిని. గుండె ఆపేసి, రక్తాన్నంతా మిషన్లోకి తోడి తిప్పుతారంట, అట్లాంటిది మనకి వద్దు అని. నువ్వు కాలేజీ చదివినోడివి. మా మాట నీకెక్కల్యా."

"ఆపకుంటే ఈ పాటికి పిల్ల ఉండేదా? గుండెలో రంధ్రం పెట్టుకుని ఎన్ని దినాలు ఉంటాది?"

"ఇప్పుడు బాగుందా?"

నాగమ్మ కొంగుతో పిల్ల చేతి మీది నురగ తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

"నాయనా," అంది మునిలక్ష్మి పరుపు మీంచి తల ఎత్తకుండా. "మళ్ళా ఆపుతారా?"

"ఏంటిదమ్మా?"

"నా గుండెకాయ." కాస్త ఊపిరి తీసుకుంది. "ఆ పొద్దు నాది నాకే ఇచ్చినారా? ఆ పక్క మంచం పిల్లోడిది నాకు పెట్టేసినారేమో. అందుకే ఇది నా మాట వినదు."

జవాబు చెప్పింది చెన్నరాయప్ప.

"నీదే తల్లీ. ఇంత మొండిది మన వంశంలో కాక ఇంకెవరికి ఉంటాది?"

అంటూనే అతను భుజం మీద తువ్వాలు వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా సందులోకి నడిచాడు. జట్కా కోసం అని ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా అర్థమైంది.

*

జట్కావాడు పిల్లను చూసి బండి ఎక్కలేదు. రాళ్ళు తేలిన దారంతా గుర్రం కళ్ళెం పట్టుకుని పక్కనే నడిచాడు. కుదుపు వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి చూశాడు. కంటోన్మెంటు వైపు నున్నటి రోడ్డు వచ్చాకే ఎక్కి కూర్చున్నాడు. భయంతో గట్టిపడిన జయరామప్ప గుండెకు ఆ నడక కొంచెం తడి తగిలించింది.

మిషన్ ఆస్పత్రిలో పిల్లల వార్డు నర్సు సుగుణమ్మ. ఒంగోలు నుంచి వచ్చి చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉంటోంది. పిల్ల కూర్చున్న తీరు చూడగానే ఆమె పడుకోమనలేదు. మంచం మీద దిండ్లు పేర్చి, వాటి మీదికి వంగేలా కూర్చోబెట్టింది.

"ఈ చేతికే నాడి చూడాలి, ఇక్కడే రక్తం తియ్యాలి. గాజులు తీసెయ్యాలి పెద్దమ్మగారూ."

"దిగల్యా తల్లీ. పొద్దున్నుంచి చూస్తా ఉండాను."

"అయితే చిట్లగొట్టక తప్పదు."

"అయ్యో, వద్దు!" నాగమ్మ మనవరాలి చేతిని రెండు చేతులతో కప్పేసింది. "మొక్కు గాజులు. అమ్మోరికి మొక్కుకుని తొడిగించిండేది. ఆడపిల్ల చేతి గాజులు మనమే కొట్టేదా? అందులోనూ శుక్రవారం!"

"అమ్మా, వేళ్ళు చూడు. నల్లబడతా ఉండాయి," అన్నాడు జయరామప్ప.

సుగుణమ్మ వాదించలేదు. తడిపిన గుడ్డ మణికట్టుకు చుట్టింది. తన జేబురుమాలు తీసి నాగమ్మ చేతుల్లో పరిచింది.

"కింద ఒక్క ముక్క పడనివ్వను. అన్నీ మీ చేతిలోనే పడతాయి. పాప ఇంటికెళ్ళేటప్పుడు ఈ ముక్కలు చూపించి అమ్మవారికి కొత్తవి మొక్కుకోండి. సరేనా?"

నాగమ్మ సరే అనలేదు. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు. గుడ్డ కింద గాజులు ఒక్కొక్కటే చిట్లుతుంటే, ఆమె పెదవులు ఏదో పేరు జపించాయి. మునిలక్ష్మి మణికట్టు చుట్టూ తాడు కట్టి విప్పినట్టు లోతైన ఎర్రని గాడి మిగిలింది.

*

డాక్టరు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. స్టెతస్కోపు బిళ్ళను అరచేతిలో రుద్ది వెచ్చబెట్టి పిల్ల ఛాతీ మీద, కుట్టు మచ్చ పక్కన పెట్టాడు. చాలాసేపు విన్నాడు. ఎక్స్‌రే తీయించి, ఆ పటాన్ని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూశాడు. తర్వాత జయరామప్పను, నాగమ్మను మంచం పక్కకే పిలిచాడు. ఆయన మాట్లాడింది కన్నడంలో. పేటలో పుట్టి పెరిగిన వాళ్ళకు అది పరాయి భాష కాదు.

"కుట్లలో చీము లేదు. అది మంచి మాట. గుండె చుట్టూ పలచని పొర ఉంటుంది. ఆపరేషన్‌లో దాన్ని కోశారు. రక్తాన్ని మిషన్లో తిప్పారు. అంతా బాగానే జరిగింది. కాని కొందరు పిల్లల్లో కొన్ని వారాల తర్వాత ఒళ్ళే ఆ గాయం మీద తిరగబడుతుంది. పొర ఎర్రబడి వాస్తుంది, జ్వరం వస్తుంది, నీరు ఊరుతుంది. ఒరుసుకుంటున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. అందుకే వెల్లకిలా పడుకుంటే నొప్పి."

"ఎందుకు వస్తాది డాక్టర్ గారూ?"

"పూర్తిగా తెలియదు. తెలిసినట్టు చెప్పలేను."

ఆ మాట జయరామప్పను భయపెట్టింది. కాని ఆ నిజాయితీని పట్టుకునే నిలబడ్డాడు.

"ఇప్పుడు చిక్కు ఒకటుంది." డాక్టరు పటం మీద వేలు పెట్టాడు. "ఈ గుండె నీడ ఉండవలసిన దానికంటే చాలా పెద్దగా ఉంది. గుండె చుట్టూ నీరు నిండినా ఇలాగే కనిపిస్తుంది, ఒంట్లో నీరు ఎక్కువై, మోయలేక గుండే సాగినా ఇలాగే కనిపిస్తుంది. మొదటిదైతే సూదితో ఆ నీరు తీసేయాలి, ఆలస్యం చేయకూడదు. రెండోదైతే సూది పెట్టకూడదు. పెడితే తగిలేది నీటికి కాదు, గుండెకే. అందుకని అడుగుతున్నాను. పాపకు ఉప్పు పెట్టారా?"

"లేదు." జయరామప్ప వెంటనే అన్నాడు. "వేలూరులో చెప్పినప్పట్నుంచి పిల్లకి వేరే గిన్నెలో వండుతారు. చిటికెడు ఉప్పు కూడా పడల్యా."

చెప్పేటప్పుడు అతనికి ఒకలాంటి గర్వం కూడా కలిగింది. అన్ని గండాల్లోనూ ఆ ఒక్క నియమం తప్పలేదు కదా అని.

"ఉప్పు లేకుండానే ఇంత నీరంటే, గుండె చుట్టూ ఊరిందే అయ్యుండాలి." డాక్టరు పటం కిందకు దించాడు. "సిస్టర్, సూది ట్రే సిద్ధం చెయ్యండి."

సుగుణమ్మ వెళ్ళింది. పిల్ల దిండులో ముఖం దాచుకుని కదలకుండా ఉంది. నిద్రపోయిందనుకున్నారు.

జయరామప్ప తల్లి వైపు చూశాడు. ధైర్యం చెప్పాలనుకున్నాడు. ఆమె గాజు ముక్కల రుమాలును గుప్పిట్లో బిగించి పట్టుకుంది. తెల్లని గుడ్డ మీద ఎర్రటి మరక మెల్లగా పెద్దదవుతోంది. అది ఆమెకు తెలియడం లేదు.

"అమ్మా, చెయ్యి!"

ఆమె అతన్ని చూడలేదు. డాక్టరును చూసింది.

"అయ్యా, సూది పెట్టద్దు. ఉప్పు పెట్టినాను."

వార్డులో ఎవరి పిల్లో ఏడుస్తోంది. జయరామప్ప తల్లి ముఖంలోకి వంగి చూశాడు.

"ఏమన్నావు?"

"దినామూ పెట్టినాను. నువ్వు ఆఫీసుకి పోయినాక చారులో ఏసి పెడితి. ఊరగాయ అడిగితే ఊరగాయ పెడితి. బజ్జీలు కూడా..."

"నేను చెప్పల్యా? కాళ్ళు పట్టుకుని చెప్పినట్ల చెప్పల్యా?"

"చెప్తివి."

"మరి యాల?"

"ఉప్పు లేని కూడు మన ఇంట్లో ఎప్పుడు తిన్యామురా జయరామా?" అంది ముసలామె. "కోడలు సరోజ పోయినప్పుడు. ఆ కర్మ దినాలన్నీ తిన్యాం. పీనుగు లేచిన ఇంట్లో తినే కూడు అది. ఆ తల్లి బిడ్డే ప్రాణాలతో తిరిగొస్తే, ఆ కూడు ముందర పెట్టేదా? ఒక పూట పెడితి. ముద్ద కలిపేకి చెయ్యి రాల్యా."

"నీ చేత్తో నువ్వే..." అన్నాడు జయరామప్ప. అక్కడే ఆగిపోయాడు. మిగతా మాట నోట్లో ఉంది. దాన్ని ఉమ్మేస్తే మళ్ళీ వెనక్కి తీసుకోలేడు. అది అతనికి తెలుసు. తల్లికీ తెలుసు. ఆమె తల వంచుకుని దాని కోసం ఎదురుచూస్తోంది.

డాక్టరు ముసలామె వైపు తిరిగాడు.

"జ్వరం, నొప్పి ఉప్పు వల్ల వచ్చినవి కావు. మీరు పెట్టకపోయినా ఆ వాపు వచ్చేది. ఉప్పు ఒంట్లో నీటిని పెంచింది, అంతే. ఇప్పుడైనా చెప్పారు. లేకపోతే నేను తొందరపడి ఉండేవాణ్ణి."

నాగమ్మ ఆయన్ను కళ్ళార్పకుండా చూసింది. ఆ మాట నమ్మడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"ఇప్పుడు నీరు దిగడానికి ఇంజెక్షన్ ఇస్తాను. వాపు చల్లారడానికి మాత్రలు మొదలుపెడతాను. సాయంత్రం వచ్చి చూస్తాను. వెల్లకిలా పడుకోగలిగితే సూది అక్కర్లేదు. అప్పటికీ పడుకోలేకపోతే మాత్రం నేను ఆగను. గుండె చుట్టూ నీరు నొక్కుతోందన్నమాట. అప్పుడు సూది పెట్టకపోవడమే ప్రమాదం."

దిండులో ముఖం దాచుకున్న పిల్ల వింటోందని ఎవరికీ తోచలేదు.

*

వరండాలో బెంచీ మీద తల్లీ కొడుకూ కూర్చున్నారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు.

చెన్నరాయప్ప వచ్చాడు. చెప్పులు లేకుండానే పేట నుంచి ఇక్కడిదాకా నడిచొచ్చాడు.

"గుడి కాడ వంటలు వద్దని చెప్పేసినాను," అన్నాడు. ఇద్దరి ముఖాలూ చూసి, గోడకు ఆనుకుని గొంతుక్కూర్చున్నాడు.

చాలాసేపటికి జయరామప్ప బెంచీ మీద పక్కకు జరిగాడు. తల్లి గుప్పిట విప్పి, వెలుగు వైపు తిప్పి, అరచేతిలో దిగిన పచ్చ గాజు పలుకును గోళ్ళతో పట్టి తీశాడు. ఆమె చెయ్యి లాక్కోలేదు. సరోజ పోయిన దినాల్లో ఆ చప్పిడి కూడు తనకు గొంతు దిగకపోతే, ఈ చెయ్యే వీపు నిమిరి నిమిరి తినిపించింది.

"తిట్టేది ఉంటే తిట్టేయరా," అంది ఆమె.

"పిల్ల పడుకోనీ అమ్మా. అప్పుడు తిడతాను."

ఎండ వాలుతుండగా సుగుణమ్మ గిన్నెతో వచ్చి ముగ్గురినీ లోపలికి పిలిచింది. ఇంజెక్షన్ కొంచెం పని చేసింది, పిల్ల రెండుసార్లు ఒంటికి వెళ్ళింది అని చెప్పింది. చెన్నరాయప్ప ఆ వార్తకు చేతులు జోడించాడు.

గిన్నెలో గంజి. మునిలక్ష్మి వాసన చూసి మూతి తిప్పుకుంది.

"ఉప్పు లేదు కదా ఇందులో?"

"లేదమ్మడూ."

"నాకొద్దు. అవ్వ ఆ కూడు తినకూడదని చెప్పింది."

అందరూ నాగమ్మను చూశారు. ఆమె గిన్నె అందుకుంది. చెంచా పక్కన పెట్టి, వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. మింగింది. కోడలు పోయాక ఆ రుచి మళ్ళీ నాలుకకు తగలడం అదే మొదటిసారి. ముఖం మీద ఒక్క గీత కూడా కదలనివ్వలేదు.

"బాగుండాది. నేను చెప్పింది తప్పు. ఇది ఆ కూడు కాదు, ఇది మందు. ఆఁ, నోరు తెరువు."

పిల్ల నాలుగు చెంచాలు తాగింది. తాగేటప్పుడు కూడా ముందుకే వంగి ఉంది. మణికట్టు మీది గాడి కాస్త పలచబడినట్టు జయరామప్పకు అనిపించింది. అనిపించిందో, అనుకున్నాడో.

డాక్టరు వచ్చాడు. వెనకే సుగుణమ్మ, తెల్లగుడ్డ కప్పిన ట్రేతో. గుడ్డ కింద ఏముందో ఎవరూ చెప్పలేదు. మునిలక్ష్మి చూపు దాని మీదే ఉంది.

డాక్టరు నాడి పట్టుకుని చూశాడు. "పొద్దుటికంటే నయం. ఇంకా నమ్మకంగా లేదు. ఏదీ పాపా, మెల్లగా వెనక్కి పడుకో చూద్దాం. నొప్పి వస్తే చెప్పాలి."

పిల్ల తండ్రిని చూసింది. ట్రేని చూసింది. తర్వాత దిండు మీంచి లేచి, మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి వాలింది. తల పరుపుకు ఆనింది. వెల్లకిలా పడుకుంది.

"నొప్పి ఉందా?"

"లేదు." నవ్వింది కూడా.

చెన్నరాయప్ప "మునేశ్వరా!" అని తువ్వాలు ముఖానికి అద్దుకున్నాడు. డాక్టరు ముఖం తేటపడింది. "మంచిది. సిస్టర్, ట్రే తీసుకెళ్ళండి. పొద్దున చూద్దాం."

జయరామప్ప ఊపిరి వదలబోయాడు. అప్పుడు అతని చూపు దుప్పటి అంచు దగ్గర ఆగింది. బయటికొచ్చిన చిన్న పాదం వేళ్ళు గట్టిగా ముడుచుకుని ఉన్నాయి. దుప్పటి కింద గుప్పిట పరుపును పిండేస్తోంది. నవ్వు అలాగే ఉంది. నుదుటి మీద మాత్రం చెమట బొట్లు బొట్లుగా పుడుతోంది.

పిల్ల కళ్ళు అతని కళ్ళను పట్టుకున్నాయి. చెప్పొద్దు నాయనా, అన్నాయి.

చెబితే సూది. చెప్పకపోతే రాత్రంతా ఆ నవ్వు. డాక్టరు గుమ్మం దాకా వెళ్ళాడు. జయరామప్ప ఒక అడుగు వేసి ఆగిపోయాడు. తల్లి కూడా ఆ పాదం వైపే చూస్తోందని అప్పుడు గమనించాడు.

"అయ్యా, పోవద్దు!" అంది నాగమ్మ. "అది అబద్ధం చెప్తా ఉండాది."

డాక్టరు వెనక్కి తిరిగాడు. మునిలక్ష్మి నవ్వు ఆరిపోయింది. అవ్వ ముఖంలోకి నమ్మలేనట్టు చూసి, ముఖం గోడ వైపు తిప్పుకుంది.

నాగమ్మ తన చేతిని మనవరాలి గుప్పిట మీద పెట్టింది. పిల్ల ఆ చేతిని విదిలించి కొట్టింది. ముసలామె మళ్ళీ పెట్టింది.

సుగుణమ్మ ట్రేని మంచం పక్కన పెట్టి, తెల్లగుడ్డ తీసింది.